విగ్రహం చేతిలో కెటిల్

కౌన్సిల్ చైర్మన్ రెయినో తార్వైనెన్ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికొచ్చి, అడక్కుండానే వంటగదిలో కుర్చీ లాక్కుని కూర్చునేసరికి సైమి కెత్తునెన్‌కు అనుమానం వచ్చింది. ఎన్నికలప్పుడు తప్ప ఆమె గడప తొక్కని మనిషి అతను. ఈ ఏడు ఎన్నికలేమీ లేవు.

"మంచి కబురు తెచ్చాను సైమి గారూ," అన్నాడు అరచేతులు రుద్దుకుంటూ. "మీకు విగ్రహం పెడుతున్నాం."

"నాకా? నేనింకా చావలేదే."

"మీ ఒక్కరికే కాదులెండి, లొత్తాలందరికీ. చర్చి ఎదుట, సైనికుల సమాధుల పక్కన. కంచు విగ్రహం. హెల్సింకీ నుంచి శిల్పిని పిలిపించాం."

సైమి పొయ్యి మీది గిన్నె దించి, తాపీగా చేతులు తుడుచుకుంది. లొత్తాలట. ఆ మాట ఈ హౌకివారా ఊళ్ళో బాహాటంగా వినబడి దాదాపు యాభై ఏళ్ళయింది. యుద్ధం నడిచినన్నాళ్ళూ సైన్యం వెంట పనిచేసిన ఆడవాళ్ళ దళానికి ఆ పేరు. బూడిదరంగు గౌను, తెల్ల కాలరు. శత్రు విమానాల కోసం బురుజులెక్కి ఆకాశాన్ని కాచినవాళ్ళున్నారు, ఆస్పత్రుల్లో చేసినవాళ్ళున్నారు, సరిహద్దు దాకా వెళ్ళి వండిపెట్టినవాళ్ళున్నారు. యుద్ధం ఓడిపోయాక, గెలిచిన పొరుగుదేశం పెట్టిన షరతుల్లో ఆ దళాన్ని మూసెయ్యాలన్నది ఒకటి. మూసేశారు. ఆడవాళ్ళు ఆ గౌన్లు కత్తిరించి దిళ్ళకు గలీబులు కుట్టుకున్నారు. లొత్తాగా చేశానని చెప్పుకున్నందుకు ఉద్యోగం ఊడినవాళ్ళలో సైమి కూడా ఉంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోంచి తీసేస్తే పాలకేంద్రంలో డబ్బాలు కడిగి బతికింది. ఇప్పుడు ఆ పొరుగుదేశమే ముక్కచెక్కలైంది. భయం తీరిపోయేసరికి దేశంలో ప్రతి ఊరికీ ఉన్నట్టుండి తన లొత్తాలు గుర్తొచ్చారు. పక్క ఊరివాళ్ళు నిరుడే ఒక రాయి పాతారు. రెయినో తొందరకు అసలు కారణం అది.

"ఇంకో చిన్న మాట," అన్నాడు రెయినో. "ఆవిష్కరణకు జనం బాగా వస్తారు. పార్లమెంటు సభ్యుడు వస్తానన్నాడు. కాఫీ, యాలకుల బన్నులు మీ ఆడవాళ్ళు చూసుకుంటే..."

"విగ్రహం ఎవరికన్నావ్?"

"మీకే."

"కాఫీ ఎవరు కాయాలన్నావ్?"

"మీరే. మీ అంత బాగా ఇంకెవరు కాస్తారు చెప్పండి?"

"రేపు నన్ను పాతిపెట్టేప్పుడు బంగాళదుంపలు కూడా నన్నే ఉడకబెట్టి తెమ్మంటావా నాయనా?"

రెయినో పెద్దగా నవ్వాడు. అతనికి అది హాస్యంలా వినబడింది. "మీ నోరు మాత్రం మారలేదండీ. ఏదేమైనా మన ఊరు మిమ్మల్ని ఎప్పుడూ నెత్తిన పెట్టుకునే చూసింది."

సైమికి ఒళ్ళు మండింది. "నెత్తినా? యుద్ధం అయిన మరుసటి చలికాలం నేను పాలకేంద్రం నుంచి ఇంటికి నడిచొస్తుంటే మంచు ఉండలు విసిరింది ఎవరు? నా వెనకాల 'సైన్యం పరుపు, సైన్యం పరుపు' అని అరిచింది ఎవరు?"

రెయినో మొహం ఎర్రబడింది. "అబ్బే, ఎప్పటి మాట. పిల్లలం. ఆ మాటకు అర్థమైనా తెలుసా మాకు?"

"నీకు తెలీదు, నిజమే. నేర్పినవాడికి తెలుసు. హెడ్‌మాస్టరు గారింట్లో, మీ నాన్న భోజనాల బల్ల దగ్గర అంతకంటే మంచి చదువు దొరకలేదు కాబోలు నీకు."

అతను లేచాడు. బూట్ల తాళ్ళు కట్టుకుంటూ వంగినప్పుడు, "బన్నుల సంగతి ఎల్వి గారితో మాట్లాడేశానులెండి, ఆవిడ ఒప్పుకున్నారు," అన్నాడు నేలకేసి చూస్తూ, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఎల్వి రౌతియో ఒప్పుకోకపోతే ఆశ్చర్యపోవాలి. ఎవరేమడిగినా కాదనే అలవాటు ఆమెకు లేదు. చర్చి సంతకు అల్లినా ఎల్వే, ఎవరింట్లో చావైనా మొదట రొట్టె పట్టుకెళ్ళినా ఎల్వే. ఊళ్ళో మిగిలిన లొత్తాల్లో కాళ్ళూ చేతులూ ఆడుతున్నవాళ్ళు వీళ్ళిద్దరే. మూడో ఆవిడ వృద్ధాశ్రమంలో కిటికీ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళనల్లా అమ్మా అని పిలుస్తోంది.

మర్నాడు సైమి ఎల్విని వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళింది. విగ్రహం మట్టి నమూనా అక్కడ గాజుపెట్టెలో పెట్టారని విన్నది. పెట్టె చుట్టూ పూలు కూడా పెట్టారు, ఎవరో పోయినట్టు.

నమూనాలో సన్నటి అమ్మాయి ఒకతి నిలబడి ఉంది. గాలికి గౌను ఒంటికి అతుక్కుపోయింది. తల కాస్త పక్కకు వంచి నవ్వుతోంది. కుడిచేతిలో కాఫీ కెటిల్ ఉంది, ఎవరికో పోయబోతున్నట్టు.

సైమి కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఇది నేనా? నువ్వా? ఏ హోటల్లో పిల్లే ఇది?"

"మెల్లిగా," అంది ఎల్వి. "లైబ్రేరియన్ చూస్తోంది."

"చూడనీ. మూడేళ్ళు నేను ఆ చెక్క బురుజు మీద నిలబడ్డాను. చెవి తమ్మె గడ్డకట్టి రాలిపోయింది, ఇదిగో. విమానం చప్పుడు వినబడగానే ఏ వైపో, ఎన్నో ఫోన్లో అరిచేదాన్ని. ఆ అరుపులతో పట్టణాల్లో జనం నేలమాళిగల్లోకి పరిగెత్తి బతికారు. దానికి ఈ ఊరు నాకిచ్చేది కెటిలా? పోనీ అందులో కాఫీ ఐనా ఉందా ఆ రోజుల్లో? రై ధాన్యం మాడ్చి కాచిన కషాయం! తాగిన మగాళ్ళంతా మొహం చిట్లించేవాళ్ళు. ఇప్పుడు ముసలాళ్ళై ఆ నీళ్ళనే తలుచుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళకు గుర్తున్నది వాళ్ళ కప్పు. పోసిన చెయ్యి ఎవరిదో ఏమైనా గుర్తుందా?"

"సైమీ..."

"ఆ శిల్పిగాణ్ణి అనాలి. ఎవర్నైనా ఒక్క ముక్క అడిగాడా?"

"అడిగాడు," అంది ఎల్వి. "నన్ను. ఎండాకాలంలో మా ఇంటికొచ్చాడు. యుద్ధంలో ఏం చేశారని అడిగితే కాఫీ కాచానని చెప్పాను. మంచి కుర్రాడు. రెండు బన్నులు తిన్నాడు."

సైమి ఆమెకేసి నోరు తెరిచి చూసింది. తర్వాత అనకూడని మాట అనేసింది. "సరిపోయింది. వంటింట్లో వెచ్చగా కూర్చుని యుద్ధం దాటేసినదానివి, నీకు కెటిల్ కాకపోతే ఇంకేం కనిపిస్తుంది? వెళ్ళి వెళ్ళి నిన్నడిగాడు వాడు."

ఎల్వి ఉన్ని చేతితొడుగులు ఒక్కో వేలూ సర్దుకుంటూ తొడుక్కుని, లైబ్రేరియన్‌కు వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ వారం ఎల్వి ఫోన్ చెయ్యలేదు. రోజూ పొద్దున రేడియో వార్తలయ్యాక ఫోన్ చేసి, అవే వార్తలు సైమికి మళ్ళీ చెప్పడం ఆమె అలవాటు. సైమి ఆ అలవాటును ముప్పై ఏళ్ళుగా వెక్కిరిస్తూ వచ్చింది. ఇప్పుడు వార్తలయ్యాక ఇల్లు బావురుమంది. ఆఖరికి, రొట్టెల పళ్ళెం తిరిగివ్వాలన్న వంకతో, తనే బయల్దేరింది.

ఎల్వి ఇంట్లో లేదు. పెరట్లో సౌనా కొట్టం తలుపు తెరిచి ఉంది. ఆవిరిస్నానానికి మంట వేసి వేడెక్కించే ఆ చిన్న చెక్క గదిలో, మెట్టు మీద కూర్చుని కట్టెలు పేర్చుకుంటోంది ఎల్వి.

"పళ్ళెం తెచ్చాను," అంది సైమి.

"అక్కడ పెట్టు."

పెట్టింది. వెళ్ళలేదు. క్షమించమని అడగడం ఆమెకు చేతకాని పని. మొగుడు బతికున్నప్పుడు ఆయన్ని కూడా అడిగిన పాపాన పోలేదు.

"నేను వంటశాలలో ఉన్నది మొదటి చలికాలం ఒక్కటే," అంది ఎల్వి, తల తిప్పకుండా. "తర్వాత నన్ను కట్టేవాళ్ళ దగ్గరకు పంపారు."

"ఏం కట్టేవాళ్ళు?"

"చనిపోయినవాళ్ళని. ఇంటికి పంపించాలిగా. ఎవరి ఊళ్ళో వాళ్ళని పూడ్చాలి కదా. స్లెడ్జి బళ్ళ మీద మంచులో లాక్కొచ్చి దింపేవాళ్ళు, కట్టెల్లాగే. బిగుసుకుపోయి, పడ్డప్పుడు చేతులెలా ఉన్నాయో అలాగే. ఆ చేతులతో పెట్టెలో పట్టరు. అందుకని అక్కడో సౌనా ఉంటే అందులో పెట్టి, సన్నగా మంట వేసి మెత్తబడేదాకా కూర్చునేవాళ్ళం. తర్వాత కడిగేవాళ్ళం. నేనూ, ఇంకో పిల్లా. ఆ పిల్ల ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది వాళ్ళతో. ఇటు తిరుగు, ఇదిగో అయిపోయింది, అని. మొదట్లో నాకు దాని మీద కోపం వచ్చేది. తర్వాత నేనూ మాట్లాడాను."

సైమి గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదే?" అంది.

"ఎవరికి చెప్పను? పెళ్ళైన కొత్తలో మా ఆయన ఎయ్నారికి చెప్పబోయాను. తినేప్పుడు అలాంటి మాటలెందుకన్నాడు. తినడం అయ్యాక కూడా మళ్ళీ అడగలేదు. కాఫీ కాచాను అంటే అందరూ నవ్వుతారు సైమీ. ఎంత మంచిదానివో అంటారు. అంతటితో వదిలేస్తారు. నువ్వూ అంతేగా, వంటశాల అన్నాను, సరేనన్నావు."

ఇది సైమికి గట్టిగానే తగిలింది. ఊరందరి మీదా విసిరే నోరు ఒక్కసారి తన మీదికే తిరిగినట్టయింది. ఈ మనిషి పక్కన కూర్చుని ముప్పై ఏళ్ళుగా కాఫీ తాగుతోంది. చెవి తమ్మె కథ వంద సార్లు చెప్పి ఉంటుంది. ఎదటి మనిషిని ఒక్కసారి అడగలేదు. ఆ హెల్సింకీ కుర్రాడే నయం, రెండు బన్నులు తిన్నా ఒక ప్రశ్న అడిగాడు.

"నువ్వు బన్నులు చెయ్యకు," అంది చివరికి.

"మాటిచ్చాను. పిండి కూడా తెచ్చేశాను."

"తెస్తే తెచ్చావు. మనమే తిందాం. వాళ్ళకు మాత్రం చెయ్యకు ఎల్వీ. ఈ ఒక్కసారికి నా మాట విను."

ఎల్వి ఆఖరి కట్టె పేర్చి, గౌను దులుపుకుంది.

ఆవిష్కరణ రోజు సన్నగా జల్లు పడుతోంది. చర్చి ముందు జనం గొడుగుల కింద నిలబడ్డారు. బ్యాండువాళ్ళ బాకాల్లోకి నీళ్ళు దిగి, జాతీయగీతం జలుబు చేసినవాడు పాడినట్టు వచ్చింది. సైమినీ ఎల్వినీ మొదటి వరసలో కూర్చోబెట్టి, అడగకుండానే మోకాళ్ళ మీద దుప్పట్లు కప్పారు. పార్లమెంటు సభ్యుడు పది మాటల్లో మూడుసార్లు ఊరి పేరు తప్పు పలికాడు. పాస్టరు ఆడదాని సహనం గురించి చెప్పాడు. తర్వాత రెయినో మెడలో పదవి గొలుసు సర్దుకుని మైకు ముందుకొచ్చాడు.

"మన లొత్తాలు!" అన్నాడు. "తుపాకి పట్టలేదు, పేరు కోరలేదు, ఎన్నడూ ఫిర్యాదు చెయ్యలేదు. అలసిన సైనికుడికి ఒక చిరునవ్వు, ఒక వేడి కప్పు. ఆ చిరునవ్వే ఈ దేశాన్ని నిలబెట్టింది!"

"అయితే ఫిరంగులెందుకు కొన్నారో," అంది సైమి, వెనక వరస దాకా వినబడేలా.

రెయినో తాడు లాగాడు. తెల్లగుడ్డ భుజాల దాకా జారి, కెటిల్ ముక్కుకు తగులుకుని ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. చిరిగిన చప్పుడైంది. కంచు పిల్ల మొహం మీద ముసుగుతో, ఒక చెయ్యి చాచి, గుడ్డిదానిలా నిలబడింది. అగ్నిమాపక దళం నుంచి ఒకాయన పొడుగాటి కొక్కెం తెచ్చి గుడ్డను ఊడబెరుకుతున్నంతసేపూ బ్యాండు వాయించిందే వాయించింది. గుడ్డ పడ్డాక చప్పట్లు కొట్టారు, విగ్రహానికో కొక్కేనికో తెలియదు.

"ఇప్పుడు మన లొత్తాల తరఫున సైమి గారు రెండు మాటలు," అన్నాడు రెయినో, భయంభయంగానే.

సైమి దగ్గర రెండు కాదు, చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. వారం రోజులుగా నూరి ఉంచింది. హెడ్‌మాస్టరు బల్ల, ఉద్యోగం ఊడగొట్టినవాళ్ళు, పరుపు మాట, ఒక్కటీ వదలదలుచుకోలేదు. దుప్పటి తోసి లేవబోతుంటే ఎల్వి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను మాట్లాడతాను."

"నువ్వా?"

"కూర్చో."

ఎల్వి మైకు దగ్గరకు నడిచింది. హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, మార్కెట్లో బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడింది.

"శిల్పి అబ్బాయిని ఏమీ అనకండి," అంది. "తప్పు నాదే. నేను కాఫీ కాచానని చెప్పాను. కాచాను కూడా, ఒక చలికాలం. మిగతా కాలమంతా నేను చనిపోయిన కుర్రాళ్ళను కడిగాను. గడ్డకట్టి వచ్చేవాళ్ళు. సౌనాలో వెచ్చబెట్టి, చేతులు సరిచేసి, కడిగి, తల దువ్వి ఇంటికి పంపేవాళ్ళం. ఇక్కడ ఈ సమాధుల్లో ఉన్నవాళ్ళలో కూడా మేం కడిగినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళెవరూ నా చిరునవ్వు చూడలేదు. నేను నవ్వలేదు కూడా. అంతే చెబుదామని."

వచ్చి కూర్చుంది. దుప్పటి సర్దుకుంది.

పాస్టరు తన బూట్ల వంక చూసుకున్నాడు. వెనక ఎక్కడో ఒక ముసలాయన గొడుగు మూసేసి, టోపీ తీసి వానలో నిలబడ్డాడు. ఆయన పక్కన ఇంకొకరు తీశారు. చప్పట్లు కొట్టాలో వద్దో పార్లమెంటు సభ్యుడికి తెలియక, సగం ఎత్తిన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

రెయినో గొంతు సవరించుకున్నాడు. "చాలా... చాలా మనసుకు హత్తుకునే జ్ఞాపకం. ధన్యవాదాలు ఎల్వి గారూ. ఇక అందరూ బడి భోజనశాలకు దయచేయండి. వేడివేడి కాఫీ, మన లొత్తాల చేతి బన్నులు!"

భోజనశాలలో బల్లల మీద తెల్లటి కాగితాలు పరిచి ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు. కప్పులు అలమారులో బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. జనం తడికోట్లతో లోపలికొచ్చి, కాఫీ వాసన కోసం ముక్కులెగరేసి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ దేశంలో చావుకైనా పెళ్ళికైనా కాఫీ లేకుండా జనాన్ని పంపితే, దాన్ని తరాల పాటు చెప్పుకుంటారు.

రెయినో సైమి దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు. "కాఫీ ఏదండీ?"

"నన్నడుగుతావేం? నేను అతిథిని."

"ఎల్వి గారు మాటిచ్చారు కదా!"

"ఇచ్చాను," అంది ఎల్వి. "చెయ్యలేదు." ఆ రెండు ముక్కలూ అనేటప్పటికి ఆమె మొహం కందగడ్డలా ఎర్రబడింది. జీవితంలో మాట తప్పడం ఆమెకు అదే మొదలు.

"ఇంతమందిని పెట్టుకుని ఇప్పుడు నేనేం చెయ్యను?"

"పొయ్యి అక్కడుంది," అంది సైమి. "కాఫీపొడి పొట్లం మీద ఎలా కాయాలో రాసి ఉంటుంది. చదువుకున్నవాడివేగా."

పక్క బల్ల దగ్గర రైతు సంఘం వాళ్ళ భార్యలు గుసగుసలాడారు. ఎంత పొగరో చూడండి, ఊరు విగ్రహం పెడితే ఇదా మర్యాద, అని ఒకావిడ అననే అంది. సైమి ఆమెకేసి తిరిగి చెయ్యి ఊపింది, దూరం చుట్టాన్ని పలకరించినట్టు.

కౌన్సిల్ సభ్యులు కోట్లు విప్పి వంటగదిలోకి దూరారు. లోపల్నుంచి మూతలు పడ్డ చప్పుళ్ళు, ఎవరో చెయ్యి కాల్చుకున్న కేక వినబడ్డాయి. ఒకడు సైకిలు మీద దుకాణానికి పోయి బిస్కట్లు తెచ్చాడు. చాలాసేపటికి కాఫీ వచ్చింది. అడుగున ఇసుకలా పొడి, పైన గోరువెచ్చని నీళ్ళు. రెయినో మెడలో గొలుసుతో, చేతిలో బడి కెటిల్‌తో బల్లబల్లకూ తిరిగి పోశాడు.

సైమి ఒక గుక్క తాగి, "కషాయమే నయం," అంది. ఎల్వి కప్పు పక్కకు జరిపింది.

ఆ వారం జిల్లా పత్రికలో మొదటి పేజీ మీద బొమ్మ వేశారు. రెయినో వంగి ఒక ముసలావిడ కప్పులో కాఫీ పోస్తున్నాడు. 'లొత్తాలకు స్వయంగా వడ్డించిన చైర్మన్' అని పైన పెద్దక్షరాలు. అధికారం తలకెక్కని మనిషని, పాత్రలు మార్చి మహిళలను గౌరవించాలన్న ఆలోచన ఆయనదేనని కింద రాశారు. లోపలి పేజీలో చివరి వాక్యం: 'ఒక లొత్తా కూడా తన మధురస్మృతులను పంచుకున్నారు.'

సైమి దాన్ని ఫోన్లో ఎల్వికి చదివి వినిపించింది. మధురస్మృతులు అన్నచోట గొంతు చించుకుంది. "వాడికి పతకం కూడా ఇస్తారు చూడు! కాఫీ పాడుచేసినందుకు!"

"ఇవ్వనీలే," అంది ఎల్వి. "నువ్వోసారి మా ఇంటికొస్తావా? ఎవరో వచ్చారు. నాకొక్కదానికీ భయంగా ఉంది."

సైమి వెళ్ళేసరికి ఎల్వి వంటగదిలో ఒకావిడ కోటు విప్పకుండా కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ళుంటాయి. పేరు కెర్తు. పక్క ఊరి నుంచి బస్సులో వచ్చిందట. ఎల్వి మాటలు ఎవరో చెప్పగా విన్నదట. బల్ల మీద ఒక ఫొటో ఉంది. సైనికుడి టోపీలో పెద్ద చెవుల కుర్రాడు, నవ్వాపుకుంటున్నట్టు ఉన్నాడు.

"మా తమ్ముడు ఆర్వో," అంది కెర్తు. "పెట్టె తెరవద్దని చెప్పారు మాకు. అమ్మ తెరవలేదు. ఆ దిగులుతోనే పోయింది. మీకేమైనా గుర్తుంటాడేమోనని."

ఎల్వి ఫొటోను కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. ఊఁ అను, గుర్తున్నాడని చెప్పు, నీ సొమ్మేం పోయింది, అని సైమి నోటిదాకా వచ్చింది. పెదవులు బిగపట్టుకుంది. తను నోరు మూసుకుని ఊరుకున్న సందర్భం ఆమెకు వెంటనే ఇంకొకటి గుర్తురాలేదు.

"గుర్తులేదమ్మా," అంది ఎల్వి. "మొహాలు చూడకుండా ఉండటం నేర్చుకున్నాం. లేకపోతే చెయ్యలేకపోయేవాళ్ళం. మా చోటికే వచ్చాడో, ఇంకో చోటికో కూడా చెప్పలేను."

కెర్తు తల ఊపింది. ఫొటో తీసుకుని బ్యాగులో పెట్టుకుంది. లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"ఒక్కటి చెప్పండి. నీళ్ళు వేడిగా ఉండేవా?"

"ఉండేవి," అంది ఎల్వి. "చెయ్యి పెట్టి చూసుకుని పోసేవాళ్ళం."

కెర్తు అప్పుడు కోటు గుండీలు విప్పుకుంది. ఆమె బస్సుకు ఇంకా చాలా టైముంది.